స్టెరాయిడ్స్ వాడిన బ్యాటర్ అంకెలు ఎలా చదవాలి?

సూది వేసుకుంటే చాలు, బంతి దానంతటదే స్టాండ్స్‌లో పడుతుందనే వాళ్లతో వాదించలేక ఇది రాస్తున్నా. బేస్‌బాల్ రికార్డులు నెట్‌లో అందరికీ దొరుకుతాయి, మీరే తెరవండి. అమెరికా బ్యాటర్ మార్క్ మెక్‌గ్వైర్ పేజీతో మొదలుపెట్టండి, 1998తో సహా ఆ దశాబ్దంలో అప్పుడప్పుడూ వాడానని 2010లో ఆయనే ఒప్పుకున్నాడు కాబట్టి అనుమానాల గొడవ ఉండదు.

మొత్తం హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి) చూసి నోరెళ్లబెట్టకుండా, ఎన్ని ఎట్‌బ్యాట్‌లకి (లెక్కలోకొచ్చే బ్యాటింగ్ వంతులకి) ఒకటి కొట్టాడో భాగించి చూడండి. కుర్రాడిగా 1987లో 557కి 49, అంటే పదకొండు దాటాక ఒకటి. 1998లో 509కి 70, ఏడుంబావుకి ఒకటి! ఇప్పుడు పక్కనే బ్యాటింగ్ యావరేజ్ చూడండి, అంటే ఎట్‌బ్యాట్‌లలో ఎన్నో వంతు హిట్ అయ్యాయో (క్రికెట్ సగటు కాదు): .289 కాస్తా .299 అయింది, అంతే. పిచర్ (బంతి విసిరేవాడు) చెయ్యి వదిలిన బంతి 0.4 సెకన్లలో వచ్చేస్తుంది, దాన్ని పోల్చుకోవడం కంటి పని, స్టెరాయిడ్ పెంచేది కండని.

మరి కండకే అంత తేడానా? రోజర్ టోబిన్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ 2008లో లెక్క కట్టాడు: కండ 10 శాతం పెరిగితే కొట్టిన బంతి వేగం పెరిగేది 4 శాతమే, హోమ్ రన్లు మాత్రం సగానికి సగం పెరగొచ్చు. క్రికెట్‌లో తాడు దగ్గర దొరికిపోయే క్యాచ్‌లు గుర్తు తెచ్చుకోండి, అవన్నీ ఇంకో రెండు గజాలు వెళ్తే ఏమవుతుంది?

అసలు బోల్తా పడేది ఇక్కడ. ఆ ఏడాది లీగ్ మొత్తం ఎన్ని కొట్టిందో చూడకుండా మందు మీదకి తోసేయకండి. 1987లో అందరూ కలిసి 4,458 కొడితే మరుసటి ఏడు 3,180కి పడిపోయాయి, మెక్‌గ్వైర్ కూడా 49 నుంచి 32కి దిగాడు. ఒక్క చలికాలంలో అందరి కండా కరిగిపోలేదు కదా, 1987 బంతే ఎక్కువ దూరం ఎగిరేలా తయారైందని చాలామంది అనుమానించారు. డ్రగ్ టెస్టులు గట్టిగా జరుగుతున్న 2019లోనైతే ఏకంగా 6,776.

ఆడిన మ్యాచ్‌ల కాలమ్ కూడా వదలకండి. గాయాలతో 1993లో 27, 1994లో 47 మ్యాచ్‌లే ఆడిన మెక్‌గ్వైర్, కోలుకోవడానికే వాడానన్నాడు. సాకే అనుకోండి, కానీ మైదానంలో ఉంటేనే కదా కొట్టేది.

ఇదంతా వంటబట్టాక నెల్సన్ క్రజ్ అనే ఇంకో బ్యాటర్ పేజీ తెరవండి. 2013లో డ్రగ్స్ కేసులో 50 మ్యాచ్‌ల సస్పెన్షన్, 2014లో 40 హోమ్ రన్లతో అందరికన్నా ముందు. దీన్ని ఏ ఖాతాలో వేస్తారో చూద్దాం.