కెనూ కడుతున్నారా? పచ్చి ఎపాక్సీ మీద సాండ్ పేపర్ పెట్టకండి

పోయిన వారం ఒక మిత్రుడు తన మొహం ఫోటో తీసి పంపాడు. రెండు కళ్లూ వాచి మూసుకుపోయాయి. మెడ చుట్టూ ఎర్రటి దద్దుర్లు, మోచేతి మడతల్లో నీటి పొక్కులు. ఆరు నెలలుగా సాయంత్రాలన్నీ వెచ్చించి ఇంటి షెడ్డులో 16 అడుగుల కెనూ, అంటే తెడ్డుతో నడిపే సన్నటి పడవ, కడుతున్నాడు. చెక్క బద్దలన్నీ అతికించి, చిత్రిక పట్టి, బయటి వైపు ఫైబర్‌గ్లాస్ గుడ్డ పరిచి ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) పట్టించాడు. మర్నాడు పొద్దున వేలితో తట్టి చూస్తే గట్టిగానే ఉందట. పొట్టి చేతుల టీషర్టుతోనే సాండర్ (సాండ్ పేపర్‌తో రుద్దే మిషను) పట్టుకుని నాలుగు గంటలు రుద్దాడు. ఆ తర్వాత రెండో రోజుకి మొహం ఇలా అయింది. ఇప్పుడు షెడ్డులోకి అడుగుపెడితే చాలు, కనురెప్పలు దురద పెడుతున్నాయట. ఆ పని జోలికి ఇక వెళ్లొద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. పడవ లోపలి వైపు పని అంతా మిగిలే ఉంది.

ఇలా మధ్యలో పడవ వదిలేసినవాళ్లలో నాకు తెలిసి ఇతను మూడో మనిషి. ముగ్గురిదీ ఒకటే తప్పు: గట్టిపడినట్టు కనిపించింది కదా అని మర్నాడే రుద్దడం. అందుకే ఇది రాస్తున్నాను. రంపం దగ్గర వేళ్లు జాగ్రత్త, ఉలి పదును జాగ్రత్త లాంటివి మీకు తెలుసు. వాటి జోలికి ఎక్కువగా పోను.

అసలు ఏం జరుగుతుంది

ఎపాక్సీ రంగులా, వార్నిష్‌లా ఆరేది కాదు. రెసిన్ అనే చిక్కటి ద్రవం, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ ఒకదానితో ఒకటి కలిసి, వేడెక్కి, కొత్త పదార్థంగా మారతాయి. ఆ మార్పు ఒక్క రాత్రిలో పూర్తవదు. పైన గాజులా గట్టిగా ఉన్నప్పుడు కూడా లోపల ఇంకా కలవని రెసిన్, హార్డెనర్ మిగిలి ఉంటాయి. దాన్నే పచ్చి ఎపాక్సీ అంటున్నాను. గది 25 డిగ్రీల వెచ్చదనంలో ఉంటే చాలా రకాలు పూర్తిగా గట్టిపడటానికి దాదాపు వారం తీసుకుంటాయి. చలిగా ఉంటే ఇంకా ఎక్కువ.

మర్నాడే రుద్దితే ఆ పచ్చి పదార్థమంతా పిండిలాంటి దుమ్ముగా లేస్తుంది. చెమట పట్టిన మెడ మీద, మోచేతి మడతలో, కనురెప్పల మీద కూర్చుంటుంది. చర్మం దాన్ని పీల్చుకుంటుంది. ఒకసారి, రెండుసార్లు, పదిసార్లు ఏమీ కాకపోవచ్చు. ఈలోగా శరీరం మాత్రం దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటూ ఉంటుంది. ఒకరోజు అలర్జీ బయటపడుతుంది. ఇక ఆ తర్వాత చిటికెడు దుమ్ము తగిలినా, కొందరికైతే వాసన సోకినా చాలు, మళ్లీ మొదలు. సాధారణంగా ఇది జీవితాంతం పోదు. కాబట్టి ‘మొదటి పడవ కట్టినప్పుడు నాకేం కాలేదు’ అనే మాటను ధైర్యంగా తీసుకోకండి. ఆ మిత్రుడికి ఇది రెండో పడవ.

పచ్చి ఎపాక్సీని రుద్దకండి. డబ్బా మీదా, తయారీదారు ఇచ్చే కాగితంలోనూ గడువు రాసి ఉంటుంది. అంతకంటే తక్కువ ఆగొద్దు. నేనైతే వారం ఆగుతాను, చలికాలమైతే రెండు వారాలు.

ఆగడం కష్టమని తెలుసు. పడవ రూపం కళ్ల ముందు కనిపిస్తుంటే చేతులు ఊరుకోవు. అందుకని పనినే అలా అమర్చుకోండి. గుడ్డ తడిపిన మొదటి పూత ఇంకా జిగురుగా ఉండగానే రెండో పూత, అది జిగురుగా ఉండగానే మూడోది వేసేయండి. అలా వేస్తే పూతలు వాటంతటవే ఒకదానితో ఒకటి కలిసిపోతాయి, మధ్యలో రుద్దాల్సిన పనే ఉండదు. ఇక ఆ వారం రోజులు అంచు పట్టీలు చిత్రిక పట్టండి, సీటు అల్లండి, తెడ్డు చెక్కండి. చేయడానికి బోలెడు పని ఉంటుంది.

వారం తర్వాత కూడా ముందు పరీక్షించండి. ఎవరికీ కనిపించని ఒక మూల బొటనవేలి గోటితో గట్టిగా నొక్కండి. నొక్కు పడితే పచ్చిగా ఉన్నట్టే. తర్వాత సాండ్ పేపర్‌తో ఒక్క పది గీతలు గీసి, పేపర్ తిప్పి చూడండి. పొడిపొడిగా తెల్లటి పిండి రాలితే సరే. జిగురు ఉండలు కట్టి పేపర్‌కు అంటుకుంటే సాండర్ ప్లగ్గు పీకేయండి. జారిన చారలు ఏవైనా వెంటనే తీయాల్సి వస్తే స్క్రేపర్‌తో గీకండి. అది పెళ్లలుగా లేస్తుంది గానీ దుమ్ము కాదు.

చేతులు, మొహం

పల్చటి లేటెక్స్ గ్లవ్స్‌ను నమ్ముకోకండి. నైట్రైల్ అనే కృత్రిమ రబ్బరువి వాడండి, ఒకదాని మీద ఒకటి రెండు జతలు. పైది అంటుకోగానే విప్పి పారేసి కొత్తది వేసుకోండి. గ్లవ్స్‌తో ఇంకేదీ ముట్టుకోకండి. ఒకతనికి చెవి వెనక, కళ్లజోడు కాడ ఆనే చోట మాత్రమే సన్నటి ఎర్ర గీత వచ్చింది. పని మధ్యలో ఎపాక్సీ గ్లవ్స్‌తోనే కళ్లజోడు పైకి తోసుకునేవాడు. అదెక్కణ్ణుంచి వస్తోందో అతనికి తెలియడానికి నెల పట్టింది.

చర్మానికి అంటితే కాగితంతో తుడిచి, సబ్బుతో నీళ్లతో కడగండి. థిన్నర్, అసిటోన్ ఒంటికి పూయకండి. ఎపాక్సీ పోయినట్టే కనిపిస్తుంది, కానీ పలచబడి ఇంకా లోపలికి ఇంకుతుంది. వినిగర్ పనిముట్లకు వాడుకోండి, చేతులకు కాదు.

గట్టిపడ్డాక పైన జిడ్డు మైనంలాంటి పొర రావచ్చు. రుద్దే ముందు మంచినీళ్లతో, గరుకు పీచుతో దాన్ని కడిగేయండి. నీళ్లతోనే పోతుంది. కడగకుండా రుద్దితే ఆ పొర కూడా దుమ్ములో కలిసి మీ మీదే పడుతుంది, పైగా ఆ తర్వాత వేసే వార్నిష్ సరిగ్గా పట్టదు.

నిప్పు

రెండు చోట్ల అంటుకుంటుంది. మొదటిది కప్పులో. ఎపాక్సీ ఎక్కువ కలిపి లోతైన కప్పులో వదిలేస్తే, గట్టిపడేటప్పుడు పుట్టే వేడి బయటికి పోదు. కప్పు చేతిలో గోరువెచ్చగా అనిపించిన కొద్ది నిమిషాలకే పొగలు కక్కుతుంది, ప్లాస్టిక్ కరిగిపోతుంది. కొంచెం కొంచెంగా కలపండి, కలిపిన వెంటనే వెడల్పాటి పళ్లెంలో పల్చగా పోయండి. పొగ మొదలైతే ఆరుబయట నేల మీద పెట్టి దూరం జరగండి. చెత్తబుట్టలో పడేయకండి.

రెండోది గుడ్డలు. అంచు పట్టీలకు అవిసె నూనె పట్టించి, ఆ గుడ్డలు ఉండచుట్టి మూలకు విసిరేస్తారు. ఆ నూనె గాలితో కలిసి ఆరుతున్నప్పుడు వేడి పుడుతుంది. ఉండ లోపల ఆ వేడి పెరిగి పెరిగి, అగ్గిపుల్ల లేకుండానే రాజుకుంటుంది. 1991 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాలోని వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనం తగలబడింది ఇలాంటి గుడ్డల వల్లే. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. పని అయిపోగానే గుడ్డలను బయట తీగ మీద విడివిడిగా ఆరేయండి. లేదంటే నీళ్లున్న రేకు డబ్బాలో ముంచి మూత పెట్టండి. అన్నం తిని వచ్చాక చూద్దాం అనుకోవద్దు.

ఇక మిగతావి వరసగా చెప్పేస్తాను.

వెస్టర్న్ రెడ్ సెడార్ అనే కలపకు తేలిక, అందం, వాసన, అన్నీ ఉన్నాయి. కానీ అందులోని ప్లికాటిక్ యాసిడ్ వల్ల కొందరికి ఉబ్బసం వస్తుంది. ఇంట్లో ఎవరికైనా ఆయాసం ఉంటే వేరే కలప చూసుకోండి.

ఏ కలప దుమ్మయినా మాస్క్ లేకుండా పీల్చకండి. కలప దుమ్ము క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1995లోనే తేల్చింది.

దుమ్ము మాస్క్ ఆవిరిని ఆపదు. థిన్నర్, వార్నిష్ దగ్గర ఆవిర్లకు పనికొచ్చే కార్ట్‌రిడ్జ్ మాస్క్ కావాలి. గడ్డం ఉంటే రెండూ సరిగ్గా పట్టవు.

ఎపాక్సీని చిక్కబరిచే సిలికా పొడిని ఫ్యాన్ కింద కలపకండి.

త్వరగా గట్టిపడుతుందని హార్డెనర్ ఎక్కువ వేయకండి. ఎక్కువైనది కలవడానికి రెసిన్ దొరక్క ఎప్పటికీ పచ్చిగానే ఉండిపోతుంది. అప్పుడు వారం కాదు, ఏడాది ఆగినా అది పచ్చి ఎపాక్సీయే.

రెసిన్, హార్డెనర్‌లను కప్పుతో కొలిస్తే ఒక నిష్పత్తి, తూకం వేస్తే ఇంకో నిష్పత్తి ఉంటాయి. కాగితం మళ్లీ చదవండి.

పొడవాటి పలకను 6 మిల్లీమీటర్ల బద్దలుగా కోసేటప్పుడు రంపానికి సూటిగా వెనక నిలబడకండి. అవతల పట్టుకున్న మనిషి బద్దను మోయాలి, లాగకూడదు.

తిరిగే రంపం దగ్గర గ్లవ్స్ వద్దు.

బద్దలు వంచే ఆవిరి పెట్టెకు కన్నం ఉండాలి. మూత పక్కనుంచి తీయండి, మొహం ఎదురుగా పెట్టుకుని కాదు.

వంటింటి గిన్నెలు, గరిటెలు ఇందులోకి తేకండి. ఆ బట్టలతో మంచం ఎక్కకండి. పిల్లల్ని ఎత్తుకోకండి. ఆ బట్టలు విడిగా ఉతకండి.

పని చేసే షెడ్డు ఇంట్లోకి తెరుచుకుంటే ఆ తలుపు కింద తడిగుడ్డ పెట్టండి.

రెండు కొనల్లో గాలి అరలు కడితే వాటికి తెరిచి చూసే మూత ఉంచండి. ఎండలో ఉన్నప్పుడు తెరిచిపెట్టండి, నీళ్లలోకి దించే ముందు బిగించండి.

మొదటిసారి ఒడ్డుకు దగ్గరగా, నడుంలోతు నీళ్లలో దించండి. కావాలనే తిప్పేయండి. నీళ్లు నిండాక అది తేలుతోందా, మీరు పట్టుకుంటే మునుగుతోందా చూడండి. లైఫ్ జాకెట్ వేసుకోండి, సీటు కింద పెట్టుకోవడం కాదు.

దద్దురు ఒక్కటి కనిపించినా ఆ రోజే పని ఆపండి. క్రీమ్ రాసుకుని కొనసాగించకండి.

పచ్చి ఎపాక్సీని రుద్దకండి. పూత వేసిన తేదీ పడవ కింది చట్రం మీద సుద్దతో రాయండి. మా మిత్రుడి పడవ లోపలి వైపు, అతను రాకుండా, మేం వేరే ఇద్దరం కలిసి పూర్తి చేస్తున్నాం. నిన్న రాత్రి గుడ్డ పరిచి మూడు పూతలూ వేశాం. తేదీ చట్రం మీద రాసి షెడ్డుకు తాళం వేశాం, వచ్చే ఆదివారం వరకు తీయం.