అనంతపురం ఎండల్లో క్రోనోగ్రాఫ్ వాచీ

నా ఒమేగా కంపెనీ స్పీడ్‌మాస్టర్ క్రోనోగ్రాఫ్‌కి, అంటే స్టాప్‌వాచ్ కూడా ఉన్న చేతి వాచీకి, బ్యాటరీ ఉండదు, రోజూ పొద్దున్నే కీ ఇస్తాను, బిగుసుకున్నట్టు తగలగానే ఆపేయాలి, బలవంతం చేయొద్దు. మే నెలలో మన అనంతపురంలో 40 డిగ్రీలు దాటుతుంది కదా, తోలు పట్టీ చెమటకి నాని వాసనొస్తుంది, అందుకే ఉగాది దాటగానే స్టీలు పట్టీకి మార్చేసి, రాత్రి ఇంటికొచ్చాక మెత్తని పొడిబట్టతో దుమ్మూ చెమటా తుడిచి పెట్టండి.

పై బటన్‌తో స్టాప్‌వాచ్ మొదలవుతుంది, మళ్లీ అదే నొక్కితే ఆగుతుంది, ఆగాకే కింది బటన్‌తో సున్నాకి తేవాలి. తడిగా ఉన్నప్పుడు ఏ బటనూ ముట్టుకోవద్దు. స్పీకర్ల పక్కన పెట్టొద్దు, అయస్కాంతం తగిలితే చాలా వాచీలు టైం తప్పుతాయి.

సర్వీసు 5 నుంచి 8 ఏళ్లకోసారి, కంపెనీ సెంటర్లోనే, దానికోసం బెంగళూరు దాకా వెళ్లాల్సొచ్చినా సరే. గీతలు పోవాలని పాలిష్ మాత్రం చేయించకండి, ప్రతిసారీ లోహం అరిగిపోతుంది, అంచుల పదును మళ్లీ రాదు.