విజయనగరం పాతఊళ్లో నడకకు ముందు జాగ్రత్తలు

ఊరివాళ్లే ఉచితంగా తిప్పి చూపించే నడక ఇది. రాలేకపోతే ముందురోజు రాత్రికే చెప్పేయండి. చూపించేవాళ్లు పని మానుకుని వస్తారు.

• పన్నెండు మందికి మించొద్దు. గంటస్తంభం దగ్గర ఆటోల హారన్లలో వెనకవాళ్లకి మాట వినపడదు. ముందుకు తోసుకొస్తే రోడ్డు మూసుకుపోతుంది.

• ఉదయం 6:30కే మొదలుపెట్టండి. తొమ్మిది దాటితే బజారు రద్దీ, పైన ఎండ. మనిషికి లీటరు నీళ్లు.

• చెప్పులు పాతవైనా పర్లేదు, తేలిగ్గా విప్పేలా ఉండాలి. మూడు లాంతర్ల కూడలి దగ్గర పైడితల్లమ్మ గుడిలోకి వెళ్లాలి కదా. కొత్తవైతే బొబ్బలెక్కుతాయి.

• కోట 1713 నాటిదే అయినా లోపల కాలేజీలు నడుస్తున్నాయి. ఎక్కడిదాకా రానిస్తారో, ఫొటోలు తీయనిస్తారో లేదో ముందే కనుక్కోండి. 1919లో పెట్టిన సంగీత కళాశాల దగ్గరా అంతే. పాఠం జరుగుతుంటే గుమ్మం బయటే ఆగాలి.

• గురజాడ ఇల్లు తెరిచే వేళ అడిగి, దాన్నిబట్టి దారి వేసుకోండి.

• విజయదశమి తర్వాతి మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను జాతర, ముందురోజు తొలేళ్ల ఉత్సవం. ఆ రెండ్రోజులూ నడక మాట ఎత్తకండి, వీధిలో కాలు పెట్టే చోటుండదు.

• అరుగు మీద కూర్చున్నవాళ్లని అడక్కుండా ఫొటో తీయొద్దు.

• చివర్లో చేతిలో నోటు పెడితే కొందరు చిన్నబుచ్చుకుంటారు. టిఫిన్‌కి పిలవండి.