ఇటలీలోని నేపుల్స్‌లో పునీత జెనారో గడ్డకట్టిన రక్తం కరగడం చూడాలంటే

సెప్టెంబర్ 19న వెళ్లండి. మే మొదటి ఆదివారానికి ముందు శనివారం, డిసెంబర్ 16న కూడా రక్తం సీసా బయటికి తీస్తారు గానీ, అసలు పండుగ సెప్టెంబర్‌దే. నేను తీరిగ్గా వెళ్లి, స్తంభం వెనక నిలబడి జనం వీపులు చూసొచ్చాను. మీరు తెల్లారేసరికే కేథడ్రల్ తలుపు దగ్గరుండండి.

జెనారో ఒక బిషప్, హతసాక్షి, అంటే క్రైస్తవ విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాడు. రోమన్ చక్రవర్తి డయొక్లీషియన్ కాలంలో, 305లో, నేపుల్స్ దగ్గరి పొజ్జువోలిలో తల నరికారట. యుసేబియా అనే స్త్రీ ఆ రక్తాన్ని పట్టి దాచిందంటారు.

ముందు వరసలో ముసలమ్మలు ప్రార్థిస్తుంటారు. రక్తం కరగడం ఆలస్యమైతే జెనారోనే కోప్పడతారు, ఇంట్లో పెద్దాయన్ని సాధించినట్టు! తెల్ల రుమాలు ఊపారంటే కరిగినట్టే, చప్పట్లు మోగిపోతాయి. కరగని ఏడాది కీడు జరుగుతుందేమోనని ఊరంతా టెన్షన్. చర్చి మాత్రం దీన్ని అధికారికంగా అద్భుతమని ప్రకటించలేదు.