సూర్యుడు తన బరువుకి తనే ఎందుకు కూలిపోడు? ఫోన్ కాలిక్యులేటర్‌తో లెక్క తేల్చుకోవడం ఎలా

సూర్యుడు ఒక వాయుగోళం. దాని చుట్టూ డబ్బా లేదు, తొక్క లేదు. బరువు లోపలికి లాగుతుంటే, లోపలి వేడి వాయువు బయటికి తోస్తోంది. ఆ తోపు ఎంతో మీరే అంచనా వేయొచ్చు. ఓ బెలూన్, దారం, స్కేలు, సైంటిఫిక్ మోడ్ ఉన్న కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి.

1. బెలూన్‌ని ఫ్రీజర్‌లో పెట్టండి

చుట్టుకొలత 45 సెంటీమీటర్లు వచ్చేదాకా ఊది, గట్టిగా ముడి వేయండి. అరగంట ఫ్రీజర్‌లో ఉంచి, తీసిన వెంటనే దారంతో కొలవండి. రెండు సెంటీమీటర్లకు పైగా తగ్గి ఉంటుంది. మా ఇంట్లో పుట్టినరోజుకి మిగిలిన బెలూన్‌తో చేశాను. ఫ్రీజర్ తలుపు తీసి పెట్టుకుని కొలుస్తున్నానని చీవాట్లు కూడా తిన్నాను. బయట పెడితే బెలూన్ మళ్లీ ఉబ్బింది. గాలి చల్లబడితే తోపు తగ్గింది, రబ్బరు లాగుడు గెలిచింది. నక్షత్రంలో రబ్బరు పని గురుత్వాకర్షణది.

2. తోపు లేకపోతే కూలడానికి ఎంతసేపు పడుతుందో చూడండి

సూర్యుడి సగటు సాంద్రత ఘనపు మీటరుకి 1,410 కిలోలు, అంటే నీటికంటే కాస్తే ఎక్కువ. దాన్ని గురుత్వ స్థిరాంకం 6.67×10⁻¹¹ తో గుణించి, వర్గమూలం తీయండి. 0.543 ని (తోపు లేని గోళం కూలే సమయం సూత్రంలో వచ్చే స్థిర సంఖ్య ఇది) ఆ వచ్చినదానితో భాగిస్తే దాదాపు 1,770 సెకన్లు.

అరగంట! తోపు ఆగితే కుక్కర్లో పప్పు ఉడికి చల్లారేలోపు సూర్యుడు కుప్పకూలిపోతాడు. కానీ వయసు సుమారు 460 కోట్ల ఏళ్లు. అంటే లాగుడు, తోపు ప్రతి పొరలోనూ తూకంలో ఉన్నట్టే.

3. కేంద్రంలో పీడనం

ప్రతి పొరా తన మీదున్న పొరలన్నిటి బరువూ మోయాలి. సాంద్రత 1,410 ని ఉపరితలం మీద గురుత్వ త్వరణం 274 తో, తర్వాత వ్యాసార్ధం 6.96×10⁸ మీటర్లతో గుణించండి. చివర్లో రెండుతో భాగించండి. సాంద్రత అంతటా ఒకటే అనుకుంటే, లోపలికి దిగేకొద్దీ గురుత్వాకర్షణ తగ్గి కేంద్రంలో సున్నా అవుతుంది కాబట్టి సగటున సగమే తీసుకుంటున్నాం.

1.34×10¹⁴ పాస్కల్స్ వస్తుంది. మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి 130 కోట్ల రెట్లకు పైనే. కానీ అసలు విలువ దాదాపు 25,000 కోట్ల రెట్లు! టెన్షన్ పడకండి, గుణకారంలో తప్పు లేదు. సూర్యుడంతా ఒకే సాంద్రత అనుకోవడమే మన తప్పు. కేంద్రంలో సాంద్రత నీటికి 150 రెట్లు ఉంటుంది.

4. ఉష్ణోగ్రత

ఆ పీడనాన్ని 1,410 తో, తర్వాత 13,857 తో భాగించండి. 13,857 అంటే వాయు స్థిరాంకం 8,314 ని 0.6 తో భాగించిన విలువ. అక్కడి పరమాణువులు ఎలక్ట్రాన్లుగా, కేంద్రకాలుగా విడిపోయి ఉంటాయి కాబట్టి సగటు రేణువు బరువు హైడ్రోజన్ పరమాణువులో 0.6 వంతే.

జవాబు సుమారు 69 లక్షల కెల్విన్. అసలుది దాదాపు 1.5 కోట్లు. పీడనంలో 180 రెట్లు తప్పిన లెక్క, ఇక్కడ రెండు రెట్లే తప్పింది. పీడనాన్నీ సాంద్రతనీ రెంటినీ తక్కువగా తీసుకున్నాం, భాగించేసరికి చాలామటుకు కొట్టుకుపోయాయి. ఈ వ్యాసంలో నాకు బాగా నచ్చేది ఇదే. అణుశక్తి ఊసెత్తకుండా, బరువూ సైజూ తెలిస్తే చాలు, లోపల లక్షల డిగ్రీలు ఉండి తీరాలని తేలిపోయింది.

5. బెలూన్ పోలికని ఇక్కడ వదిలేయండి

సూర్యుణ్ణి నిలబెట్టేది కేంద్రక సంలీనం (హైడ్రోజన్ కేంద్రకాలు కలిసి హీలియంగా మారి శక్తినివ్వడం) అని చాలామంది అనుకుంటారు. నిలబెట్టేది వేడి. బయటికి పోయిన వేడిని పూడ్చడమే సంలీనం పని. అది ఈరోజే ఆగిపోయినా సూర్యుడు వెంటనే కూలడు, మెల్లగా కుంచించుకుంటూ సుమారు మూడు కోట్ల ఏళ్లు వెలుగుతాడు. విచిత్రం ఏంటంటే, అలా వేడి పోగొట్టుకుని కుంచించుకునేకొద్దీ లోపల ఇంకా వేడెక్కుతాడు. బెలూన్‌కి పూర్తిగా తిరగబడ్డ లెక్క.

ఈ తిరకాసు వల్లే సూర్యుడు పేలిపోకుండా ఉన్నాడు. సంలీనం కాస్త జోరందుకుంటే కేంద్రం ఉబ్బుతుంది, ఉబ్బితే చల్లబడుతుంది, దాంతో సంలీనం నెమ్మదిస్తుంది. మందగిస్తే కుంచించుకుని వేడెక్కి మళ్లీ పుంజుకుంటుంది.

6. తూకం ఊగే నక్షత్రాన్ని చూడండి

జనవరిలో రాత్రి ఎనిమిదింటికి తూర్పు వైపు చూడండి. వరసగా మూడు చుక్కలు కనిపిస్తాయి. వాటికి ఎడమ పక్కన ఎర్రగా ఉన్నదే ఆరుద్ర, మన ఆరుద్ర కార్తెకి పేరిచ్చిన నక్షత్రం. దాని పై పొరల్లో తోపు ఒకసారి, లాగుడు ఒకసారి పైచేయి అవుతూ, సుమారు 400 రోజులకోసారి ఉబ్బి కుంచించుకుంటుంది.

పైన నారింజ రంగులో కనిపించే రోహిణితో పోల్చి, నెలకోసారి ఏది ప్రకాశంగా ఉందో నోట్‌బుక్‌లో రాసుకోండి. మామూలుగా ఆరుద్రదే పైచేయి. 2020 మొదట్లో మాత్రం రోహిణికంటే మసకబారింది. పేలిపోతుందేమోనని అందరూ హడావిడి పడ్డారు, తీరా చూస్తే అది ఎగజిమ్మిన దుమ్మే అడ్డొచ్చింది.