పసిబిడ్డతో అమెరికాలో దిగిన మన గోదావరి వాళ్లకు

మొన్న ఆదివారం పాలకొల్లు వైపు నుంచి కొత్తగా వచ్చిన తమ్ముడొకడు భోజనానికి పిలిచాడు. వెళ్లేసరికి రెండు నెలల పాప సోఫా మీద పక్కకి తిరిగి నిద్రపోతోంది. తల కింద ఆవాల దిండు, దొర్లకుండా అటొక తలగడ, ఇటొక తలగడ. పప్పుచారు కలుపుకున్నానే గానీ నా కళ్లన్నీ సోఫా మీదే. నలుగురిలో చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

ఇన్సూరెన్సులో పేరు చేర్పించడం, సోషల్ సెక్యూరిటీ నంబరు, ఇవి మీరే చూసుకోగలరు. నా గోలంతా పడక గురించే.

మా పెద్దాడు జనవరిలో పుట్టాడు. పురుడు పోయడానికి అమలాపురం నుంచి వచ్చిన మా అత్తగారు పూతరేకుల కంటే భద్రంగా ఆవాల దిండు తెచ్చారు. తల గుండ్రంగా వస్తుందట. అల్లుణ్ని, ఏమంటాను? మూడు వారాలు నోరెత్తలేదు. ఒక రాత్రి లేచి చూస్తే దిండు జారి వాడి ముక్కుకి ఆనుకుని ఉంది. ఏమీ కాలేదు. కానీ ఆ తర్వాత రెండు నెలలు గంటకోసారి లేచి వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేవాణ్ని.

తల ఆకారం కోసం అమ్మే దిండ్లు పసివాళ్లకు వాడొద్దని 2022లో ఇక్కడి ఆహార, ఔషధాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఆవాలైనా, దూదైనా, మధ్యలో గుంట ఉన్న ఫోమైనా ఒకటే. ఏడాది నిండేదాకా అసలు దిండే వద్దు. తల చదునవుతుందని బెంగా? మెలకువగా ఉన్నప్పుడు మీ కళ్లముందు బోర్లా వేసి ఆడించండి. పడుకోబెట్టేటప్పుడు తల రోజుకోవైపు తిప్పండి.

నిద్రకు మాత్రం వెల్లకిలానే, పగటి కునుకైనా సరే. "పాలు కక్కితే పొలమారదూ?" అని ప్రతి అమ్మమ్మా అడుగుతుంది. పొలమారదండీ. వెల్లకిలా ఉంటే గాలి గొట్టం పైన, ఆహార గొట్టం కింద ఉంటాయి, కక్కింది కిందికే జారుతుంది. బోర్లా వేస్తేనే అది తలకిందులవుతుంది. దొర్లే సూచన కనబడిన రోజే గుడ్డలో చుట్టడం మానేయండి.

గట్టి, చదునైన పరుపు, దాని మీద బిగుతుగా ఒక షీటు. అంతే! సోఫా వద్దంటే వద్దు. తొట్టె (ఇక్కడి క్రిబ్, ఊగేది కాదు) మీ గదిలోనే, కనీసం ఆరు నెలలు. తొట్టె చుట్టూ కట్టే మెత్తటి బంపర్లు ఎవరైనా పాతవి ప్రేమగా ఇస్తే దండం పెట్టి వద్దనండి, 2022 చట్టంతో వాటి అమ్మకమే నిషేధించారు. చలికి భయపడి ఇంట్లో టోపీ పెట్టకండి, దుప్పటి బదులు స్లీప్ సాక్ (ఒంటికి తొడిగే సంచీ లాంటి దుప్పటి) వేయండి. సాంబ్రాణి పొగ బిడ్డకీ మంచిది కాదు, పైగా అలారం మోగి అపార్ట్‌మెంటంతా రోడ్డు మీదికొస్తుంది. మా వల్ల ఒకసారి వచ్చింది కూడా.

సంక్రాంతికి ఊరెళ్లినా ఇదే లెక్క. చీర ఉయ్యాలలో బిడ్డ ఒళ్లు వంగి గడ్డం గుండెకి ఆనుతుంది, ఊపిరి దారి ఇరుకవుతుంది. ఊపి ఆడించండి, నిద్ర పట్టాక తీసేయండి. నవారు మంచం మధ్యలో కుంగుతుంది, అదీ వద్దు. మడత తొట్టె వెంట తీసుకెళ్లి, దోమతెర కట్టి, ఫ్యాను వేసుకోండి. మీ నాన్నగారు "మేం పెంచలేదా" అంటారు. అననీయండి.

సరే, ఇంత బెదిరించాను గనుక ఇదీ చెబుతాను. వెల్లకిలా పడుకోబెట్టమని 1994లో ఇక్కడ ప్రచారం మొదలయ్యాక, కారణం తెలియని పసివాళ్ల నిద్ర మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. ముప్పు ఎక్కువ ఒకటి నుంచి నాలుగు నెలల మధ్య. అది దాటాక మీకూ కాస్త నిద్ర పడుతుంది.

రెండోవాడికి దిండు వాడలేదు. తల గుండ్రంగానే వచ్చింది. అత్తగారు వీడియో కాల్‌లో చూసి, "అది మా వైపు పోలిక" అన్నారు.