నవ్వొచ్చిన పేజీ దగ్గరే ఆగండి

పిల్లలకు బొమ్మల పుస్తకం చదివేటప్పుడు చాలామంది గబగబా చివరి పేజీకి వెళ్లిపోతారు. పిల్లలు పకపకా నవ్విన పేజీ ఒకటుంటుంది చూడండి, అక్కడ ఆగాలి. ఏనుగు బుల్లి గొడుగు చాటున నక్కి "నేనెవరికీ కనబడట్లేదోచ్" అంటోంది అనుకోండి. మాట ఒకటి చెబుతోంది, బొమ్మ ఇంకోటి చూపిస్తోంది. "ఎందుకు నవ్వావు?" అని అడిగితే, "అంత పెద్ద ఏనుగు, కనబడుతోందిగా!" అని పిల్ల తన మాటల్లో చెప్పిందంటే, పుస్తకంలో రాయని సంగతిని తనంతట తానే పట్టుకున్నట్టే. రేపు పాఠం చదివి అర్థం చేసుకోవాలన్నా కావాల్సింది ఇదే.

పుస్తకం ఎంచుకునేటప్పుడు పేజీకి ఒకటి రెండు వాక్యాలు, పెద్ద అక్షరాలు, మళ్లీ మళ్లీ వచ్చే మాట ఉన్నాయో లేదో చూడండి. రెండు మూడేళ్ల వాళ్లకి తలమీద చెప్పు పెట్టుకున్న కోతి లాంటి బొమ్మలు చాలు, మాటల తమాషాలు ఇంకాస్త పెద్దయ్యాక.

మొదటిసారి కథ ఆపకుండా చదివేయండి. రెండోసారి నుంచి అడగండి. "కోతి" అని ఒక్క మాటే అంటే "అవును, కోతి చెప్పుని తలమీద పెట్టుకుంది" అని మీరు పెంచి చెప్పండి, పిల్లలు దాన్నే తిరిగి అంటారు. 1988లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం తల్లిదండ్రులకు ఇలా చదవడం నేర్పితే, నెల రోజుల్లోనే ఆ పిల్లల మాట మెరుగైంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది శబ్దాల ఆట. "పిల్లి"లో మొదటి అక్షరం మారిస్తే బల్లి, మల్లి, తల్లి. "కుక్క తోక"ని "తుక్క కోక" అన్నారంటే ఇంక ఆగరు, ఇంట్లో ఉన్న ప్రతి మాటనీ తిరగేస్తారు. మాట అనేది విడదీసి మళ్లీ కలపగలిగిన శబ్దాలని చెవికి తెలిశాకే అక్షరం చూపిస్తే తొందరగా అంటుకుంటుంది.

"ఢాం!" లాంటివి పెద్దగా అచ్చేసి ఉంటే వేలు పెట్టి చూపిస్తూ గట్టిగా అరవండి, వాళ్లనీ అరవనివ్వండి. అంతేగానీ "ఇదేం అక్షరం? అదేం అక్షరం?" అంటూ పరీక్ష మొదలుపెట్టొద్దు, దయచేసి. పుస్తకమంటేనే టెన్షన్ అయిపోతుంది.

అదే పుస్తకం ఇరవయ్యోసారి తెస్తే విసుక్కోకండి. ఈసారి దాన్ని వాళ్ల చేతికే ఇచ్చి "నువ్వు చదువు, నేను వింటా" అనండి. సగం కథ సొంతంగా కల్పించినా సరిచేయకుండా, నవ్వొచ్చిన చోట నవ్వుతూ చివరిదాకా వినండి.